మూడు జానల టోపీ

అక్కా,
నా దగ్గు పూర్తిగా తగ్గింది, బెంగ పెట్టుకోకు. చలికాలం సెలవులకి వచ్చేటప్పుడు మీకివ్వడానికి ఊలు టోపీలూ అవీ అల్లుతున్నాను. లావు ఊలు కదా, రెండు సాయంత్రాలకి ఒకటి అయిపోతోంది. బావ తల చుట్టుకొలత మూడు జానలని రాశావని, నా జానతో కొలుచుకుని టోపీ అల్లేశాను. నా గదిలో ఉండే టైలరమ్మ పెట్టుకుని చూస్తే గడ్డం దాకా జారింది. "మీ బావగారిది తలా, గుమ్మడికాయా?" అని ఒకటే నవ్వు. పాపం, తప్పు బావ తలది కాదు. నువ్వు కొలిచింది నీ జానతో. చిన్నప్పుడు నా పిడికిలి మొత్తం నీ గుప్పిట్లో పట్టేది. నా చెయ్యి నీ చేతిని ఎప్పుడు దాటిపోయిందో చూసుకోనేలేదు.

పాపకి చెవిపోటు తగ్గిందా? దాని టోపీకి చెవులు కప్పే రెక్కలు పెట్టాను. వంటింటి కిటికీ బాగుచేయించారా?

అందరికీ అడిగావు గానీ నీకేం కావాలో రాయనేలేదు. జవాబు కార్డు మీద నీ చెయ్యి ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. వేళ్ళ కొసలు పట్టకపోయినా ఫర్వాలేదు, నేనల్లేవి సగం వేళ్ళ దాకా వచ్చే చేతి తొడుగులే. ఆ అరచేతిలోనే బావ తల కొలత రాయి, ఈసారి టేపుతో.

బావకి నమస్కారాలు, పాపకి ముద్దులు. కార్డు అందగానే, ఊలు సంగతి తర్వాత, ముందు నువ్వు గీసిన చేతి మీద నా చెయ్యి పెట్టుకుంటాను.

నీ చెల్లి