ఆర్పని పొయ్యి

ఏప్రిల్ 9, 1956. సోమవారం
కర్నూలు ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్నుంచి ఫైరాఫీసు గంట రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పొయ్యిలో నీళ్లు. మగవాళ్లు మంట ఆర్పడానికి పోతే, ఇంజను తిరిగొచ్చేదాకా ఇంట్లో పొయ్యి మండకూడదట. ఈ క్వార్టర్లలో అందరి ఆనవాయితీ. మా అత్తకైతే చట్టమే. మామ కూడా ఇదే ఉద్యోగం చేశారు కదా. కడపలో మా అమ్మకు చెబితే నమ్మదు. పెళ్లయి ఏడాది... ఒక్క రోజు సంగటి సరిగ్గా ఉడికితే ఒట్టు.

ఏప్రిల్ 12
ఈరోజు ఆర్పలేదు.
అత్త ఎదురువీధి ఖాసింబీ ఇంటికి పోయింది. సంగటి గెలికే వేళకు గంట. ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగు. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను.
మధ్యాహ్నం చేతికి కట్టుతో వచ్చారు. మోచేతి దాకా కాలింది.
"పొయ్యి ఆర్పినావా మ్మే?" — అత్త.
"ఆర్పినా అత్తా."
ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ఏప్రిల్ 13
కట్టు మారుస్తుంటే ఈయన గుసగుసగా — "మంటా లేదు, మన్నూ లేదు. ఇంజన్లో నీళ్లు కాగుతాంటే మూత తీసినా. అమ్మకు చెప్పాకు, నగుతాది." ఫైరు మనిషికి వేణ్ణీళ్ల గాయం! నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ముఖం చూస్తే ఎంత ముద్దొచ్చిందో.

ఏప్రిల్ 15
నవ్వంతా ఎగిరిపోయింది. తప్పు తనదేనంటుంది అత్త. గంట విని కూడా, ఆర్పని ఖాసింబీ పొయ్యి మీది చాయ్ తాగి లేచిందట. "నా కొడుకును నేనే కాల్చుకుంటినే..." అని ఒకటే ఏడుపు. అన్నం ముట్టదు. అహోబిలం కొండ వట్టికాళ్లతో ఎక్కుతానని మొక్కుకుంది. ఈ ఎండలో, ఆ మోకాళ్లతో!

ఏప్రిల్ 16
"మీరే చెప్పండి" అన్నాను ఈయనతో. "నువ్వే చెప్పు, నాకు భయం." మంటల్లోకి దూకే మొనగాడు!

ఏప్రిల్ 17
చెప్పేశాను. నా పొయ్యి, నా అబద్ధం, ఇంజను మూత... అంతా. తిట్టిపోస్తుందనుకున్నాను. చేట పక్కన పెట్టి నా తల నిమిరింది.
"మీ మామ పోయిన పొద్దు నేనూ ఆర్పల్యా మ్మే. శెనక్కాయలు ఏపుతాంటి."
మామ మంటల్లో పోయారని తెలుసు. ఇది తెలియదు. పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. పట్టుకుని ఏడ్చేశాను.
పొయ్యికీ దానికీ ఏం సంబంధం అత్తా, మీ కొడుకుది చూడండి, వట్టి వేణ్ణీళ్లేగా — అన్నాను.
చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.
"వానిది వేణ్ణీళ్లే, సరే. మరి మీ మామది?"