చేపల బజారుకి అర్థం

బందరు

గుడివాడ కాలేజీలో తెలుగు చెప్పే జయకృష్ణ మాస్టారికి,

బందరు చేపల బజారులో వేలంపాట పాడే సత్తయ్య నమస్కారం. ఈ ఉత్తరంలో మర్యాద ఇంతవరకే.

నేను మూడో తరగతిలో ఉండగా పంతులు గారు "ఇది బడా, చేపల బజారా?" అన్నారు. మా అమ్మ ఆ బజారులోనే బుట్ట పెట్టుకునేది. పలక అక్కడే వదిలేసి వచ్చాను, మళ్లీ బడి మొహం చూడలేదు. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. మొన్న క్లాసులో మీరూ అదే మాటన్నారట. నా మనవరాలు దివ్యశ్రీ ఇక కాలేజీకి వెళ్లనంటోంది. మా ఇంట్లో చదువు మళ్లీ అక్కడే ఆగిపోవాలా? అసలా మాట పుట్టించిందెవడు?

సత్తయ్య

తా.క. పాత మాటలకి అర్థాలు రాసి పుస్తకం వేస్తున్నారట. ఇది అందులో ఉంటే ఆ కాగితం చింపేయండి.

---

గుడివాడ

పెద్దలు సత్తయ్య గారికి,

ఆ మాట ఎవరో ఒకరు పుట్టించింది కాదండీ. గోల ఎక్కువైన చోటుని జనం అలా అంటూ వచ్చారు. మిమ్మల్ని కించపరచాలని అనలేదు. అయినా చూడకుండా అర్థం రాయడం తప్పే. మంగళవారం పొద్దున్నే వచ్చి, నా చెవులతో విని రాస్తాను. అమ్మాయిని మాత్రం పంపించండి.

మీ జయకృష్ణ

తా.క. మా ఆవిడ పండుగప్ప చేప తెమ్మంది.

---

బందరు

మాస్టారికి,

రండి. ఏం గోల వినపడుతుందో నేనూ చూస్తాను. మీ అర్థం తప్పని తేలాకే పిల్ల వస్తుంది.

సత్తయ్య

తా.క. సంచి పెద్దది తెచ్చుకోండి.

---

గుడివాడ

సత్తయ్య గారికి సానుభూతితో,

పోయినవారెవరో తెలియలేదు. ఎవరిని పలకరించినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తలూపారు. మీరూ మాట్లాడలేక దణ్ణం పెట్టారు. ఆ దుఃఖంలో చేప అడగడం భావ్యం కాదని తిరిగి బస్సెక్కాను. ధైర్యంగా ఉండండి.

జయకృష్ణ

తా.క. మీ బజారు కోసం మా క్లాసు మౌనం పాటించింది. నా క్లాసు నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి.

---

బందరు

మాస్టారికి,

ఎవరూ పోలేదు. మీరొస్తున్నారని నోళ్లు కట్టేయించింది నేనే. వేళ్లు చూపించి వేలం నడుపుదామనుకున్నాను. పామర్రు వ్యాపారులు కూడా మీలాగే అనుకుని ఆటోలు తిప్పేశారు. సరుకంతా కుప్పలుగా ఉండిపోయింది. చివరికి రాజమ్మ లేచి, "నీ పరువు కోసం నా చేప కుళ్లబెట్టుకోనా, సత్తయ్య మావా?" అంది. ఆ వెనక అందరూ అందుకున్నారు, నేనూ పాటెత్తాను. వెళ్లిన ఆటోలు వెనక్కొచ్చాయి. ఆ గోల చెవిన పడ్డాకే నాకు ఊపిరొచ్చింది.

అందుకని కాగితం చింపొద్దు. అర్థం మాత్రం మార్చండి. చేపల బజారంటే అందరూ బాగున్నారని, సరుకు కదులుతోందని. ఆ మాటే మా పంతులు ఇప్పుడంటే పలక తెచ్చుకుని కూర్చుంటాను.

పిల్ల సోమవారం వస్తుంది. నిజం కక్కేసింది. ఆ రోజు క్లాసులో బెంచీ ఎక్కి మీ గొడుగుని వేలం వేసింది తనేనట. మీకు దొరికిపోయి, మొహం చూపించలేక నా కోపం చాటున దాక్కుంది. నాలుగు తిట్టాను. అయితే ఆ పాట నాదే, మాస్టారూ.

సత్తయ్య

తా.క. పండుగప్ప దాని చేత పంపిస్తున్నాను. గొడుగు పాట ఎంతదాకా వెళ్లిందో అది చెప్పడం లేదు. ఆ లెక్క మీరే రాయాలి.