కురుంబకు నాట్ల పాట వినిపించవద్దని మనవి

ఆలప్పుళ జిల్లా సంక్షేమాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: పగటి సంరక్షణ కేంద్రంలో నా భార్య కురుంబకు నాట్ల పాట వినిపించుట నిలిపివేయించుట గురించి.

1. కుట్టనాడు రైతుకూలీ అళకన్ తేవన్, వయస్సు 81, మనవి చేయునది. నా భార్యకు అల్జైమర్స్ అని డాక్టరు తేల్చి నాలుగేళ్ళయినది. తన పేరు మరచినది. అన్నం కలుపుట మరచినది. నన్ను ఎవరో పెద్దమనిషి అనుకొని మర్యాద చేయుచున్నది.

2. సదరు కేంద్రంలో పాటలతో వైద్యం చేయు రెంజిని టీచర్ భక్తిపాటలు, సినిమా పాటలు వినిపించగా గుణం కనబడలేదు. గత నెల నాట్ల పాట పెట్టినది. కురుంబ లేచి, నడుము వంచి, పాట ఎత్తుకొన్నది. ఒకప్పుడు నలభై మంది వరుసకు ఆమెదే ముందుగొంతు. "తాతా, బామ్మ తిరిగొచ్చేసింది" అని టీచర్ ఏడ్చినది. వచ్చిన మాట నిజమే. అదియే నా ఫిర్యాదు.

3. నాట్లప్పుడు పసిబిడ్డలను గట్టున పడుకోబెట్టుట మా వాడుక. తల్లి గొంతు వినబడినంతసేపు బిడ్డ ఏడవడు. వరుస ముగిసి పాట ఆగగానే తల్లులు గట్టుకు పోవుదురు. కావున టీచర్ పాట ఆపగానే కురుంబ వరండాలోకి పోయి వెదకుచున్నది. ఆ కాసేపు నేనెవరో ఆమెకు తెలియును. "పిల్లాడేడీ?" అని నన్నే అడుగుచున్నది.

4. మా కుంజన్, పదకొండు నెలలవాడు, గట్టు జారి కాలువలో పడి యాభై ఆరేళ్ళు. తన పాట హోరులో వాడి ఏడుపు వినబడలేదని కురుంబ ఆనాటి నుండి పాడుట మానినది. "నా గొంతే మింగేసింది వాణ్ణి" అనేది. నేను కాదనలేదు.

5. ఆ పూట గట్టున పిల్లల కాపలా నాది. నేను కల్లు దుకాణంలో ఉన్నాను. ఇది తమరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కావున సదరు పాట నిలిపించి, ఆ ప్రశ్న నుండి నన్ను కాపాడగలందులకు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అ. తేవన్

తా.క.: కవరు అంటించకముందే, ఈ ఉదయం కేంద్రంలో పాట ఆగి ఆమె మళ్ళీ అడిగితే చెప్పేశాను సార్. "గట్టు మీద నేను లేను కురుంబా, తాగడానికి పోయాను" అన్నాను. "అయితే నా గొంతు కాదన్నమాట" అంది. మళ్ళీ పాట ఎత్తుకుంది. వంత పాడేవాళ్ళు లేక నేనే పాడాను.

మధ్యాహ్నం గంజి తాగేసరికి అంతా మరిచిపోయింది. పాట ఆపించకండి. రేపు మళ్ళీ చెప్పాలి.