మింగినా చావని క్రిమి

సమాధానమ్మా,

నువ్వు దగ్గుతూ దగ్గుతూ కన్నుమూసిన నెల మళ్లీ వచ్చింది. ఈసారి మన బిడ్డ రూతుకు టీబీ అన్నారు. పొద్దున పూట వేసుకోమని మాత్రలిచ్చారు. ఈస్టరు ముందరి శ్రమల కాలపు ఉపవాసం కదా, పొద్దు మునిగేదాకా నీళ్లు కూడా ముట్టనంది.

"పడకలో ఉండి గూడా అమ్మ ఉపవాసం ఇడిసిందా నాయనా?" అనింది.

తినకుండా ఉంటే ఏమవుతుందని వేంపల్లె డాక్టరమ్మను అడిగాను. ఒంట్లోని తెల్లకణం క్రిమిని మింగినా, అది లోపలే బతుకుతుందట.

"చేప మింగినా దాని కడుపులో బతికిన యోనా మాదిరి," అన్నాను.

ఆమె నవ్వింది. "అంతే పెద్దాయనా. అప్పుడు వేరే కణాలొచ్చి, మింగిన కణానికి దాన్ని చంపే బలమిస్తాయి. అయినా చావకుంటే చుట్టూ గోడ కట్టి కాపలా కాస్తాయి. మనిషి తినకపోతే ఆ కాపలా నీరసిస్తాది. మాత్రలు మానితే గోడొక్కటే చాలదు."

శుక్రవారం మన చర్చిలో ఉపవాస ప్రార్థన నడిపిస్తూ బైబిల్లో నెహెమ్యా గ్రంథం తెరిచాను.

"యెరూషలేము గోడ కట్టినోళ్లకు కూడు పెట్టకుండా గోడ లేస్తాదా? చెప్పండప్పా!" అని గర్జించాను.

మూతికి గుడ్డ కట్టుకుని గడప బయట కూర్చున్న రూతు, "నన్నేనా నాయనా తిడతాండావు?" అనింది.

"నిన్ను కాదు, నీ ఆకలిని."

వెంట తెచ్చిన నీ సంగటి గిన్నె మూట విప్పి, అందరూ చూస్తుండగా ముందు నేనే ఒక ముద్ద తిన్నాను.

"పాస్టరయ్యే ఉపవాసం ఇడిసె!" అని ఒక అవ్వ నోరు నొక్కుకుంది.

అప్పుడు రూతు చెయ్యి చాపింది. తిని, మాత్రలు వేసుకుంది.

సాయంత్రం ఖాళీ గిన్నె నేనే కడిగి, నువ్వు పెట్టే చోటనే బోర్లించాను.