నాగవల్లి కణాలూ, ఆకుపచ్చ గాజులూ

క్లాంగ్ నివాసిని, మునుసామి నరసమ్మల పెద్ద కూతురిని, ప్రత్యుత్పత్తి జీవశాస్త్రంలో ఆచార్యురాలిగా పనిచేసి రిటైరైన డాక్టర్ నాగవల్లి అనే నేను, బుర్ర నిక్షేపంగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ ఇక చెల్లవు. బుర్ర సంగతి అనుమానముంటే నా దగ్గర పరీక్ష తప్పినవాళ్లను అడగండి. వచ్చే వారం నా గుండెకు ఆపరేషన్. బాగానే లేచి వస్తాననే నా నమ్మకం. అయినా రాసిపెట్టడం మంచిది.

1. దీన్ని అమలుపరిచే బాధ్యత నా మేనకోడలు మోహనప్రియది. తను లాయరు కాదు, బడి టీచరు. మా ఇంట్లో గొంతు పెంచకుండా మాట నెగ్గించుకునేది అదొక్కతే.

2. నా ఫ్లాటు, అందులోని సామాను సహా, తమ్ముడు కన్నబాబుకు చెందాలి. ఏడో క్లాజులోని షరతు తీరాకే సుమా. బాల్కనీలోని కరివేపాకు మొక్కకు వాడు రోజూ నీళ్లు పోయాలి. బగాన్ దాతో ఊరి కొబ్బరితోటలో అమ్మ పెంచిన చెట్టు పిలక అది. అమ్మ ఆ తోటలో ఒళ్లు హూనం చేసుకుని నన్ను చదివించింది.

3. మైక్రోస్కోపు ముందు నేను కూర్చునే ఎత్తు స్టూలు నా చివరి విద్యార్థిని ఇంద్రజకు. ఆ పిల్ల కూడా నాలాగే పొట్టి. ఈ స్టూలు కొనకముందు మునివేళ్ల మీద నిలబడి అండాలు చూస్తుంటే నాకు నడుము నొప్పి వచ్చేది.

4. ఎలుక అండాల మీద నా మొదటి పరిశోధన పత్రానికి తన పేరు ముందు పెట్టుకున్న మా పాత విభాగాధిపతికి, అదే పత్రం, పేర్లు సరైన వరుసలో అచ్చువేయించి, ఫ్రేము కట్టించి పంపాలి. గోడకు తగిలిస్తారో లేదో ఆయన ఇష్టం.

5. ఇక అసలు సంగతి. కొన్నేళ్ల క్రితం నా ముంజేతి నుంచి కాస్త చర్మం తీయించి, ఆ కణాలను వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చాను. అవి ఒంట్లోని ఏ కణంగానైనా మారగలవు. మా విశ్వవిద్యాలయంలో గడ్డకట్టించి దాచిన ఆ కణాలు నేను పోయాక కూడా బతికే ఉంటాయి. వాటి నుంచి అండం తయారయ్యే దారి ఎక్కడ మొదలవుతుందో కనుక్కోవడానికే నా చివరి సంవత్సరాలన్నీ పెట్టాను. మనిషి అండం ఇంకా పూర్తిగా తయారుకాలేదు. ఎప్పటికో అవుతుంది, నాకు సందేహం లేదు.

ఈ మాట నోరు జారి కన్నబాబు దగ్గర అన్నాను. అంతే, వాడు పట్టుకున్నాడు. "అక్కా, ఆ కణాల్తో నీకో బిడ్డని సేయించేద్దాం లా! నువ్వు ఒంటిగా ఎల్లిపోతే నా మనసు ఊరుకోదు" అని, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి మరీ, ఒకటే ఏడుపు. వెర్రి నాగన్న! నేను పోయాక విశ్వవిద్యాలయం సంతకం అడిగేది దగ్గరి బంధువునే, అంటే వాడినే. ప్రేమ కొద్దీ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తాడు. అందుకే ఇప్పుడే తేల్చి చెబుతున్నాను. నా కణాలతో పరిశోధన ఎంతైనా చేసుకోవచ్చు. పిండాన్ని మాత్రం చేయకూడదు. ఈ విషయంలో కన్నబాబు సంతకం చెల్లదు, నా సంతకమే చెల్లుతుంది. తమ్ముడూ, నాకు పిల్లలు లేని లోటు నీకు కనబడినంతగా నాకెప్పుడూ కనబడలేదురా. నన్ను బాధపెట్టింది వేరే.

6. సంతాప సభలో ఎవరైనా "పరిశోధనలే ఆమె బిడ్డలు" అంటే మోహనప్రియ లేచి మైకు తీసేసుకోవాలి.

7. మోహనప్రియకు ఎన్నాళ్లకో, ఐవీఎఫ్ చేయించుకుంటే, కడుపు పండింది. ఆ పిండం మొదటి రోజుల్లో పెరిగింది నేను ఏళ్ల తరబడి కుస్తీపట్టి తయారుచేసిన పోషక ద్రావణంలో. సీమంతానికని బ్రిక్‌ఫీల్డ్స్‌లో మనవాళ్ల కొట్లలో ఏరి ఏరి ఆకుపచ్చ గాజులు కొన్నాను. తొడగబోతుంటే కన్నబాబు భార్య, నా మరదలు కూర్మమ్మ, మోహనప్రియ కన్నతల్లే, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వుండు వదినా, పిల్లలున్నోళ్లు ఏస్తారు" అంది. హాలంతా చూసింది. నేను నవ్వి కూర్చున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆ గాజులు డబ్బాలో అలాగే ఉన్నాయి. వాటిని కూర్మమ్మకే ఇస్తున్నాను. వచ్చే నెల దాని కోడలు వరూధినికి సీమంతం. నేను బతికుంటే ఆ గాజులు నేనే, అందరికంటే ముందు తొడుగుతాను. లేకపోతే కూర్మమ్మ తన చేత్తో, మిగతా ఏ గాజులకంటే ముందు వీటిని తొడగాలి. తొడుగుతూ "ఇవి మా నాగవల్లి వదిన గాజులు" అని వెనక వరుసకు వినబడేలా చెప్పాలి. అది జరిగేదాకా ఫ్లాటు తాళాలు మోహనప్రియ దగ్గరే ఉంటాయి.

క్లాంగ్, 2025 ఆగస్టు 17.

(సంతకం) నాగవల్లి

ఆమె మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుటే మేమూ చేశాం. ఈ ఆస్తిలో మాకేమీ రాదు.
యోగేశ్వరన్, పక్క ఫ్లాటు
ఉదయ్‌కిరణ్, కింది అంతస్తు మందుల షాపు