శ్రావణి చేసిన షాఫ్ట్

ఆదివారం రాత్రి

నా బిడ్డ శ్రావణి చేసిన షాఫ్ట్ పరీక్షల్లో పాసైంది! పుణెలో వాళ్ల కంపెనీ స్పోర్ట్స్ కారుకు ఇక అదే పెడతారట. నా బంగారు తల్లి! సంతోషంతో అన్నం కూడా సయించలేదు.

ఫోన్లో నాకు అర్థమయ్యేలా చెప్పింది. “బాపూ, ఇంజన్ బలాన్ని చక్రాలకు మోసే ఇనుప షాఫ్ట్ తీసేసి, బరువు తక్కువది పెట్టినం. గందుకే ఎక్సలేటర్ మీద కాలు ఆనిచ్చుడే ఆలస్యం, బండి ఉరుకుతది. నడిపేటోళ్లకు బండి తమ ఒంట్ల భాగం లెక్కనే అనిపిస్తది.”

వినగానే ఎల్లారెడ్డిలో ఉండే నర్సయ్య బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు. వాళ్ల కొడుక్కు శ్రావణిని చేసుకోమంటే అందరి ముందు నవ్వాడు. “గేర్ల నూనెల చేతులు పెట్టే పిల్ల మాకెందుకు బామ్మర్దీ? ఏదన్న మెకానిక్ షెడ్డుకియ్యి!” పక్కనే బీడీలు చుడుతున్న అక్క తల కూడా ఎత్తలేదు.

మా ఇంట్లో మంచి మాట ఏదైనా ముందుగా ఇంటి ఆడబిడ్డకే, అంటే అక్కకే చెప్తాం. ఈసారి చెప్పను. ఊరోళ్లు అడిగితే బావ తెల్లముఖం వేయాలి. అక్క ఏడుస్తుందేమో... ఏడవనీ.

రేపు చెప్పాల్సినవాళ్లు: దోమకొండ చిన్నమ్మ, గాంధారి బామ్మర్ది, పిట్లం మేనమామ కొడుకులు, ఎల్లారెడ్డిలో బావ పాలివాళ్లు ఒక్కొక్కరికీ. ఆఖరున, ఇంకెవరూ మిగలకపోతే, అక్కకు.