పట్టుకున్నావా?

ఏమండీ,

మీరు సగంలో వదిలేసిన పెరటి పనిని మన చిన్నమ్మాయి ఇవాళ పూర్తిచేసింది. కొత్తగా ఏమీ కొనలేదు. పాత ఇటుకలు పరిచి, ఇల్లు మారినప్పటి చెక్కపెట్టెల్ని బల్లలు చేసి, నా నూలు చీరను నీడకు కట్టింది. సాయంత్రం స్నేహితుల్ని టీకి పిలిచింది. ఇక బల్బుల తీగ ఒక్కటే మిగిలింది.

దానికోసం మీ స్టూలే తెచ్చింది. వద్దన్నాను. "కుఛ్ నహీ హోగా, మమ్మీ" అని ఈ ఊరి హిందీలో, ఏమీ కాదులే అంటూ ఎక్కేసింది.

పోయినేడాది మీరూ ఆ స్టూలెక్కే "పట్టుకున్నావా?" అని అడిగారు. పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిన నేను, అలవాటుగా వంటింట్లోంచే "ఆఁ" అన్నాను. ఆ మాట నమ్మి మీరు గోడవైపు వంగారు, పడ్డారు, మళ్ళీ లేవలేదు. కళ్ళు తిరిగి పడ్డారనే అందరూ అనుకుంటున్నారు. నేను కాదనలేదు.

"పకడా హై నా?" అంది అమ్మాయి పైనుంచి, అచ్చం మీలాగే పట్టుకున్నావా అని. రెండు చేతులతో స్టూలు కాళ్ళు బిగించి పట్టుకున్నాను.

బల్బులు వెలిగాయి. అమ్మాయి దిగింది, స్నేహితులొచ్చారు, టీలు కూడా అయ్యాయి. "ఆంటీ, ఆప్ భీ బైఠియే నా" అంటూ వాళ్ళు నన్నూ కూర్చోమని పిలిచేదాకా నాకు తెలియలేదండీ, స్టూలును ఇంకా పట్టుకునే ఉన్నానని.